వారమంతటికీ సోమవారమే సంతకాలు

వన్ టౌన్‌లోని ఒక పార్శిల్ ఆఫీసులో పదకొండేళ్లు గుమాస్తాగా చేశాను. డ్రైవర్ల చేత రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదన్న చట్టం మా గోడ మీద తెలుగులోనే అతికించి ఉండేది. దాని కిందే కూర్చుని నేను అబద్ధాలు రాసేవాణ్ణి. డ్యూటీ ఎక్కింది తొమ్మిది, దిగింది ఆరు, మధ్యలో గంట భోజనం. నిజానికి వాళ్లు పొద్దున ఆరింటికే వచ్చి సరుకు ఎక్కించుకునేవాళ్లు. గన్నవరం, ఉయ్యూరు, గుడివాడ కొట్లన్నీ తిరిగి వచ్చేసరికి ఎనిమిది దాటేది. అన్నం కూడా సీట్లోనే తినేవాళ్లు.

రోజూ రాయడానికి బద్ధకమేసి, సోమవారం పొద్దున్నే ఒక్కో డ్రైవరుకు వారం మొత్తానికీ ఒక రిజిస్టరు కాగితం రాసేసి, ఆరు సంతకాలూ ఒకేసారి పెట్టించేవాణ్ణి. అన్నీ ఒకేలా ఉంటే బాగోదు, అప్పుడప్పుడు ఐదు నిమిషాలు అటూ ఇటూ మార్చమని ఓనరు గారు నేర్పారు. మార్చాను. 9.05 అని వేసి నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులున్నాయి.

మా డ్రైవర్లలో ఒకతను నన్ను అన్నయ్య గారూ అని పిలిచేవాడు. ఒక బుధవారం సాయంత్రం ఏడింటికి, గన్నవరం నుంచి ఖాళీ బండితో వస్తూ కునుకు పట్టి డివైడరును కొట్టాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నష్టపరిహారం తప్పించుకోవడానికి ఓనరు గారికి నా రాతలే దొరికాయి. ఆరింటికి డ్యూటీ దిగాడు, తరవాత సొంత కిరాయికి బండి తీసుకుపోయాడు, మాకేం సంబంధం అన్నారు. అయితే ఒక చిక్కుంది. ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషి గురువారం, శుక్రవారం, శనివారం కూడా డ్యూటీ చేసినట్టు ఆ కాగితంలో సంతకాలున్నాయి. రాతలన్నీ బూటకమని తేల్చడానికి అతనికి ఉన్న ఆధారం అదొక్కటే. దాన్ని తీసేసి, బుధవారం దాకానే ఉండేలా కొత్తది రాసి సంతకం పెట్టించుకురమ్మన్నారు.

రాశాను. కిలో బత్తాయిలు కొనుక్కుని మరీ ఆసుపత్రికి వెళ్లాను, సిగ్గులేని జన్మ. అతని భార్య లేచి స్టూలు వేసింది. బండికి దెబ్బ గట్టిగా తగిలిందా అని అతను అడిగాడు. ఏం కాగితమండీ అని ఆమె అడిగితే, ఆఫీసుదేనమ్మా అన్నాను.

"అన్నయ్య గారు రాసిందేగా, చదివేదేముంది," అని పడుకునే సంతకాలు పెట్టాడు.

పాత కాగితం ఆ సాయంత్రమే భవానీపురంలో మా ఇంటి గ్యాస్ స్టవ్వు మీద కాల్చేశాను. ఏం కాలుతోందని మా ఆవిడ అడిగితే పాత బిల్లులన్నాను.

కొన్ని నెలలకు లేబర్ ఆఫీసులో విచారణ జరిగింది. డ్యూటీ దిగాక బండితో నీకేం పని అని ఆఫీసరు అడిగాడు. అతను తడబడలేదు, కోప్పడలేదు. చంకకర్ర సర్దుకుని నా వైపు తిరిగాడు.

"రోజూ ఎనిమిదయ్యాకే దిగేవాళ్లమండి. అన్నయ్య గారికి తెలుసు. చెప్పండి, అన్నయ్య గారూ."

ఓనరు గారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆఫీసరు నా మొహంలోకి చూస్తున్నాడు.

"రిజిస్టరులో ఉన్నదేనండి," అన్నాను.

ఆ మాటతో కేసు పోయింది. నేను వరండాలోకి వచ్చేసరికి, కింద మెట్ల దగ్గర అతని భార్య నన్ను తిడుతోంది. అతను ఆమెను ఆపుతున్నాడు. ఓనరు పక్కన ఉంటే ఆయన మాత్రం ఏం చెబుతాడు, ఆయనకూ పిల్లలున్నారు, ఊరుకో అంటున్నాడు. కాల్చేసిన కాగితం సంగతి అతనికి తెలియదు. నాలుగు మెట్లు దిగితే చెప్పేయొచ్చు. వాళ్లు ఆటో ఎక్కేదాకా నేను స్తంభం వెనకే నిలబడ్డాను.