చెరిగితే పోని బూజు

ఈ ఉదయం మేత బస్తా మూతి విప్పగానే వానకు తడిసిన పాత చాప వాసన ముక్కుకు తగిలింది. ఇంకేం ఆలోచించకుండా బస్తాను అవతలికి ఈడ్చేశాను. ఆ వాసన గుర్తుపట్టడం నాకు నేర్పింది పశువుల డాక్టరు సుశీలమ్మ గారు.

కోట ఊరి దగ్గర మా నాటుకోళ్ళ షెడ్డే అప్పట్లో మా ఇంటి జరుగుబాటు. తుఫానుకు మొక్కజొన్న బస్తాలు తడిశాయి. తడిసిన వడ్లకు చేసినట్టే, రొయ్యల గుంట గట్టున పట్టలు పరిచి ఎండబెట్టి, చేటతో చెరిగి, బూజన్నది కనబడకుండా చేసి కోళ్ళకు పెట్టాను. ఎంత గర్వమో నాకు! నెల తిరక్కుండా, కొక్కెర తెగులుకు టీకా వేయించిన కోళ్ళే అదే తెగులుతో మెడలు వంకర తిరిగి పడిపోసాగాయి. డాక్టరమ్మ బండి దిగీ దిగకముందే విరుచుకుపడ్డాను.

"మీరేసిన మందు కల్తీది మేడమ్!"

ఆమెకు కోపం రాలేదు. మేత అడిగి, గింజలు గుప్పెట పట్టి వాసన చూశారు. ఒక గింజను గోటితో చీల్చి లోపలి నలుపు చూపించారు.

"ఎండకి బూజు చచ్చిందమ్మా. అది వదిలిన విషం గింజలోనే ఉండాది. అది తింటే కోడికి రోగంతో కొట్లాడే శక్తి పోతాది. ఇంక టీకా వేసినా పట్టదు."

నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది. విటమిన్ ఇ నీళ్ళలో కలిపి పెడితే ఆ శక్తిని కొంత కాపాడుతుందని ఆమె అనగానే ప్రాణం లేచొచ్చింది.

"అయితే అది కలిపి ఈ గింజలే పెట్టేస్తా మేడమ్!"

"బాగుండాదే! గొడుగుండాదని తుఫానులో వేటకి పోతావా? ముందు ఆ బస్తాలు పూడ్చు."

"మరి మిగిలినవి బతుకుతాయా?"

"తెలీదమ్మా. నాకూ తెలుసుకోవాలనే ఉండాది, చూద్దాం."

వారానికి రెండుసార్లు వచ్చి ఏ కోడి తిన్నదీ, ఏది ముడుచుకున్నదీ నోటుబుక్కులో రాసుకునేవారు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆమె వచ్చేలోగా నేనే చూసి పెట్టేదాన్ని. మంచి మేత, విటమిన్, తేరుకున్నాక మళ్ళీ టీకా. సగానికి పైగా నిలబడ్డాయి.

"విటమినే బతికించిందా మేడమ్?"

"మేతా మార్చినాం, విటమినూ పెట్టినాం. ఏది ఎంత పనిచేసిందో ఎట్టా చెప్పేది?" అని నోటుబుక్కు మూశారు. "ఒకటి మాత్రం తెలుసు. తుఫాను పోయిన వారానికే టీకా వేసేదానికి వచ్చినా. బస్తాలు తడిసినాయా అని అడగలా. అది నా తప్పు."

తప్పంతా నాదేనని కుమిలిపోతున్న నాకు ఏడుపు ఆగలేదు. నాకు కోపం ఎక్కువ. నా దగ్గర పనిచేసేవాళ్ళు పొరపాటు చేస్తే ఇప్పటికీ తిట్టు నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, నేను అడగకుండా వదిలేసిందేమిటో ముందు చెబుతాను. ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. అయినా చెబుతాను.