సావుకారొచ్చినా లేవొద్దు

ఆదోనిలో ఆలూరు రోడ్డు పక్కనున్న ఆ పత్తిమిల్లులో డ్రైవర్లకు మద్దిలేటి అంటే హడల్. బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి నడపడం నేర్పేదీ ఆయనే, పరీక్ష పెట్టేదీ ఆయనే. ఆయన సంతకం పడితేనే సర్టిఫికెట్టు. వయసులో ఉన్నప్పుడు ఆయనా పత్తి బోరాలు మోసిన హమాలీయే. ఆ బండి వచ్చి తన నడుము కాపాడిందని ఇప్పటికీ దానికి రోజూ దండం పెట్టుకుంటాడు. నోరు మాత్రం మంచిది కాదు. సెల్‌ఫోను చెవిలో పెట్టుకుని బండెక్కినవాణ్ని ఏడు తరాలు కలిపి తిట్టగలడు.

ఈ ఏడు సర్టిఫికెట్టు లేనివాడు బండెక్కకూడదని మిల్లులో తేల్చి చెప్పారు. అన్నాళ్లూ సర్టిఫికెట్టు లేకుండానే బండి నడిపిన బాలరాజుకు గుండెల్లో రాయి పడింది. అతనిది నందవరం దగ్గర పల్లె. రోజూ ఎమ్మిగనూరు మీదుగా బస్సులో పనికొస్తాడు. నడుము పట్టేసి, ఇక బరువులు మోయొద్దని డాక్టరు చెప్పాడు. పరీక్ష తప్పితే మళ్లీ బోరాల కిందికే. నిజానికి అతని చేతి నేర్పు చూసి మద్దిలేటికే ముచ్చటేసేది. నొక్కి కట్టిన పత్తి బేలును అతను ఎత్తితే, దాని మీద నిండు చెంబు పెట్టినా నీళ్లు తొణకవు.

పరీక్షరోజు అంతా సాఫీగానే సాగింది. చివరగా బేలు పైకెత్తి నిలిపిన సమయానికి గేటులోంచి మిల్లు సావుకారు నడుచుకుంటూ వచ్చాడు. బాలరాజు చటుక్కున సీట్లోంచి లేచి రెండు చేతులూ జోడించాడు. అది పాతబండి, మనిషి లేచినా ఇంజను ఆగదు. మోకాలు తగిలి లీవరు కదిలింది. బేలు ముందుకు వాలి, సావుకారుకు రెండడుగుల ఇవతల దబ్బున పడింది.

"ఎందుకు లేసినావప్పా?" అని అడిగాడు మద్దిలేటి. తిట్టడం కూడా మరిచిపోయాడు.

"సావుకారొస్తే కూసుండేదెట్లన్నా? మా నాయన ఏపొద్దూ ఆయన ముందర కూసోలేదు."

సావుకారు తేరుకుని చెమట తుడుచుకున్నాడు. "పోనీలే మద్దిలేటీ. పెద్దంతరం చిన్నంతరం తెలిసినోడు. రాసిచ్చెయ్."

మద్దిలేటి కూడా ఆయన ముందు ఏనాడూ కూర్చున్నవాడు కాదు, ఆయన మాటకు ఎదురాడినవాడూ కాదు. అయినా తలవంచుకునే, "రాసియ్యలేనయ్యా" అన్నాడు. "నేర్పిందాంట్లో తప్పుండాది. మళ్లీ నేర్పిస్తా."

మర్నాటి నుంచి తనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, సావుకారులాగా గేటులోంచి నడిచి రావడం మొదలుపెట్టాడు. పత్తి ఊడ్చే ఉరుకుందమ్మ చీపురు పక్కన పడేసి పడీపడీ నవ్వింది. సావుకారు కాదని తెలిసినా, ఆ చొక్కా కనబడగానే బాలరాజు సగం లేచేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే, ఇదీ అంతేనేమోనని మద్దిలేటికి దిగులు పట్టుకుంది. వాడి నడుము తలుచుకుంటే రాత్రి అన్నం సహించేది కాదు.

మళ్లీ పరీక్ష పెట్టిన రోజు ఆయనే వెళ్లి సావుకారును పిలుచుకొచ్చాడు. "ఈ పసుపుగీత మాత్రం దాటొద్దయ్యా" అని, బండి చుట్టూ నేల మీద గీసిన గీత చూపించి బతిమాలాడు.

బేలు పైకి లేచింది. సావుకారు గీత దగ్గర నిలబడి, "ఏమప్పా బాలరాజూ, బాగుండావా?" అని కేకేశాడు.

బాలరాజు మెడ నరాలు బిగుసుకున్నాయి. పలకలేదు, లేవలేదు, చూపు బేలు మీదినుంచి కదల్లేదు. మిల్లులో పనివాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. బేలు మెల్లగా నేలకు ఆనింది. బ్రేకు వేశాడు, తాళం తిప్పి ఇంజను ఆపాడు. అప్పుడు కిందికి దిగి, వచ్చి చేతులు జోడించాడు.

"పిల్చినా పలకవేమప్పా?" అన్నాడు సావుకారు.

"బేలు గాల్లో ఉండె గదయ్యా" అన్నాడు బాలరాజు. "దాని కింద మీరైనా ఒగటే, ఉరుకుందమ్మైనా ఒగటే."

సావుకారు ఒకసారి గీత వైపు చూసుకుని, ఓ అడుగు వెనక్కి వేశాడు.