రెండు వేల ఫోటోలు, ఇరవై మూడు జాకెట్లు

ఈ సంగతి ఎందుకు రాసిపెడుతున్నానో ముందే చెప్పేస్తాను. మా చాంపియన్ రీఫ్స్ బంగారు గని లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరసల్లో, నా గురించి ఇప్పటికి నాలుగు కథలు తిరుగుతున్నాయి. ఒకదానిలో నేను ఆడవాళ్ళ జాకెట్లు దొంగిలించాను. ఇంకోదానిలో మతి చలించి ఇంటింటికీ వెళ్ళి జాకెట్లు అడుక్కున్నాను. మూడోదానిలో మా మామ నన్ను గొడుగుతో కొట్టాడు. నాలుగోది పిల్లల ముందు చెప్పేది కాదు. వీటిలో ఏదీ పూర్తిగా నిజం కాదు. బాధేమిటంటే, ఏదీ పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఒక గ్రంథానికి నాలుగు పాఠాంతరాలు పుట్టుకొచ్చినప్పుడు ఎవరో ఒకరు కూర్చుని శుద్ధప్రతి తయారుచేయాలి. ఇదే ఆ శుద్ధప్రతి. ఇందులో ఒక ఘోరమైన నష్టం, ఒక గొడుగు, ఇరవై మూడు గ్లాసుల కాఫీ ఉన్నాయి. గుండె దిటవు చేసుకుని చదవండి.

నా చదువు గురించి ఒక మాట. పదో తరగతి తర్వాత నా కాలేజీ అంతా రాబర్ట్‌సన్‌పేట లైబ్రరీయే. పగలంతా మందుల షాపులో పని, సాయంత్రమైతే లైబ్రరీ. తేనెటీగల పెంపకం మొదలుకొని రోమన్లు రోడ్లు వేసిన పద్ధతి దాకా ఏ విషయం ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇంతవరకూ ఒక్క తేనెటీగను పెంచలేదు, ఒక్క అడుగు రోడ్డూ వేయలేదు. అది వేరే విషయం.

నా భార్య మెర్సీ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నాలుగేళ్ళ క్రితం ఆమెకు మొదటిసారి ఒక పెద్ద పని వచ్చింది. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఇరవై మూడు మంది క్రిస్మస్ పాటలకు ఒకే రంగు చీరలు కొన్నారు, నెమలి కంఠం రంగువి. జాకెట్లన్నీ మెర్సీకే ఇచ్చారు. అంతకుముందు ఏటేటా ఆ పని టౌన్లో ఒక టైలర్‌కు వెళ్ళేది. మెర్సీ దసరాకు ముందే అందరి కొలతలూ తీసి, చీటీ మీద రాసి, చీటీ పక్కన గుడ్డ ముక్క పెట్టి ఫోన్లో ఫోటో తీసుకుంది. చీటీలను పొయ్యిలో వేసింది. అలా ఆమె ఫోన్లో పాతవీ కొత్తవీ కలిపి రెండు వేల పైచిలుకు ఫోటోలు. అందులో మా ఇంటివి ఓ వంద ఉంటాయేమో. మిగతావన్నీ చీటీలూ, జాకెట్ల డిజైన్ల కోసం తీసిన మెడలూ, వీపులూ.

డిసెంబర్ మొదట్లో బెంగుళూరులో ఉన్న ఆమె తమ్ముడు తను వాడేసి పక్కన పెట్టిన ఐఫోన్‌ను అక్కకు పంపాడు. మెర్సీ పాత ఆండ్రాయిడ్‌ను మా మామకు ఇవ్వాలని నిర్ణయమైంది. మామ అంటే మెర్సీ నాన్న, పేరు దేవదానం. ముప్పై ఏళ్ళు గనిలో దిగి ఎక్కిన మనిషి, ఇప్పుడు చర్చిలో పెద్ద.

"ఫోటోలు దీంట్లోంచి దాంట్లోకి పోవాల. టౌన్లో షాపులో ఇచ్చి చేపిద్దామా?" అంది మెర్సీ.

"షాపా? ఇంట్లో నేనుండంగా షాపెందుకు?"

"నీకు తెలుసునా?"

"తెలీదు. చదువుతాను."

చదివాను. మూడు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని కంప్యూటర్ పత్రికలు ముందేసుకుని పదకొండు పేజీల నోట్సు రాసుకున్నాను. లైబ్రేరియన్ నాగరత్న మేడమ్ అటుగా వెళ్తూ ఆగి, "సామ్యేలూ, అది ఆరేండ్ల కిందటి పత్రికప్పా. అప్పటి ఫోన్లు వేరే, ఇప్పటివి వేరే" అన్నారు.

"సూత్రాలు మారవు మేడమ్" అన్నాను. ఎంత హుందాగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ గొంతుతో నేను రోమన్లకే రోడ్లు వేయడం నేర్పగలిగేవాణ్ణి.

పత్రికలో చెప్పిన వైరు రెండు ఫోన్లకూ కలిసే వైరు కాదని మొదటి గంటలోనే తేలింది. అయినా నేను జంకలేదు. మెర్సీ పాత ఫోన్లో ఫోటోలు దాచే యాప్ ఒకటి ఉంది. అదే యాప్‌ను కొత్త ఫోన్లో వేసి, అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో తెరిచాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత టపటపమంటూ వానచినుకుల్లా ఫోటోలు రాలడం మొదలైంది. చీటీలు, మెడలు, వీపులు, అన్నీ!

"చూసినావా?" అన్నాను.

"ఆ, చూసినా. అన్నీ వచ్చేసినాయే!" మెర్సీ మొహం వెలిగిపోయింది. పెళ్ళైనాక ఆమె నన్ను అలా చూడటం అది రెండోసారి. మొదటిసారి ఎప్పుడో నాకు గుర్తులేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ రాత ఉండేది కాదు. కానీ పాత ఫోన్ మామ చేతికి వెళ్ళాలి కదా. చర్చి పెద్ద జేబులో సమాజం ఆడవాళ్ళందరి వీపులూ ఉండటం మర్యాదా, మీరే చెప్పండి? పైగా లైబ్రరీలో నేను నేర్చుకున్న నియమం ఒకటి ఉంది. ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే పాతది తీసేయాలి, బీరువాలో చోటు మిగులుతుంది. కాబట్టి పాత ఫోన్ ముందేసుకుని, ఆ యాప్ తెరిచి, ఫోటోలన్నీ ఎంచి డిలీట్ నొక్కాను. ఏదో రెండు లైన్ల హెచ్చరిక వచ్చింది. పుస్తకం వెనక అట్ట మీద ముద్రణాలయం చిరునామా దాకా చదివే నేను, ఆ రెండు లైన్లు చదవలేదు. సరే అని నొక్కాను. తీసేసినవి చెత్తబుట్టలో ఉన్నాయని యాప్ చెప్పింది. పని చేస్తే పూర్తిగా చేయాలనేది నా సిద్ధాంతం. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి మెర్సీ గుడ్డ పరిచి, కత్తెర తీసుకుని, కొత్త ఫోన్ తెరిచింది. నేను పక్కగదిలో తేనెటీగల పుస్తకం రెండోసారి చదువుతున్నాను.

"ఏమప్పా, నా ఫోటోలు యాడ?"

"కొత్త ఫోన్లో ఉండాయి కదా."

"కొత్త ఫోన్లో తెల్ల గోడ ఉండాది."

"అట్లైతే పాత ఫోన్లో చూడు."

"దాంట్లోనూ గోడే!"

నేను లేచి వెళ్ళాను. రెండు ఫోన్లూ సున్నం కొట్టిన కొత్త ఇళ్ళలా మెరుస్తున్నాయి. మెర్సీ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను చెప్పేది వింటూ నా వైపు తిరిగింది.

"భయం లేదంట. డిలీట్ అయినవి చెత్తబుట్టలో రెండు నెలలు ఉంటాయంట."

నేను పాత ఫోన్‌ను మెల్లగా బోర్లా పెట్టాను.

"చెత్తబుట్ట యాడుండాది చూపించు."

"దాన్ని... ఖాళీ చేసినాను."

"ఎందుకు?"

"శుభ్రంగా ఉండాలని."

కత్తెర కింద పెట్టింది. అది నా అదృష్టం. "ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చెయ్యమని మూడేండ్లుగా చెప్తా ఉండాను. ఒక్కరోజు చేసినావా? దీన్ని మాత్రం ఎవురూ చెప్పకనే చేసినావే!"

అప్పుడే ఫోన్ తీసుకుపోదామని మామ వచ్చాడు. జరిగింది విన్నాడు. "కొత్తదాంట్లో ఒక ప్రతి, పాతదాంట్లో ఒక ప్రతి ఉన్నాయి మామా. పాతది తీసేస్తే కొత్తది ఎట్లా పోతాది? ఇది అన్యాయం" అని నా వాదన వినిపించాను.

మామ కుర్చీలో కూర్చుని మీసం సవరించుకున్నాడు. "అల్లుడా, మేము షాఫ్ట్‌లో దిగేటప్పుడు రెండు బిళ్ళలు ఉండేవి. ఒకటి పైన బోర్డుకి తగిలించేది, ఇంగొకటి మా నడుముకి. రెండింటి మీదా ఒకటే నంబరు. బిళ్ళలు రెండుండాయని మనుషులు ఇద్దరా? పైన దేవదానం బిళ్ళ వేలాడతా ఉండాదిలే అని, కిందుండే దేవదానాన్ని పూడ్చేస్తారా?"

నేను చదివిన పదకొండు పేజీల్లో ఎక్కడా ఇంత స్పష్టంగా లేదు. ఫోటోలు ఉన్నది ఎక్కడో ఒక్కచోట. రెండు ఫోన్లలో నేను చూసినవి బిళ్ళలు. నేను పూడ్చింది మనిషిని.

మెర్సీ అరవడం మానేసింది. అది ఇంకా భయంగా ఉంది. "పద్నాలుగు దినాలు ఉండాది క్రిస్మస్‌కి. మొదటిసారి నన్ను నమ్మి ఇచ్చినారు. కొలతలు పోగొట్టుకున్నానని యా మొహం పెట్టుకుని చెప్పేది? మళ్ళీ టౌన్లో టైలర్ దగ్గరికే పోతారు. ఇంగ నా మిషన్ మీద దుప్పటి కప్పుకోవాల్సిందే" అని మెల్లగా అంది.

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాలో వీరుడు లేచాడు. ప్రతి ఇంట్లోనూ సరిగ్గా పట్టే జాకెట్టు ఒకటి ఉంటుంది కదా, కొలతకు టైలర్‌కు ఇస్తారే, ఆది జాకెట్టు, అది! ఇరవై మూడు ఇళ్ళకు వెళ్ళి ఇరవై మూడు ఆది జాకెట్లు తెస్తే కొలతలు వాటంతట అవే దొరుకుతాయి.

"నేను తెస్తాను. ఫోటోలు పోయిన సంగతి మాత్రం ప్రాణం పోయినా చెప్పను" అని మాటిచ్చాను.

ఆ మాటే నన్ను ముంచింది. సంచీ భుజాన వేసుకుని మొదట మా పక్క లైన్లోని సెల్వి అక్క ఇంటికి వెళ్ళాను. సెల్వి అక్క సమాజానికి కార్యదర్శి, గొంతు మైకు అక్కరలేని గొంతు.

"అక్కా, నీ పాత జాకెట్టు ఒకటి కావాల."

"ఎందుకు తంబి?"

"అది చెప్పకూడదు."

సెల్వి అక్క నన్ను కిందనుంచి పైకి చూసింది. "మెర్సీ అడిగిందా?"

"లేదక్కా. ఆమెకేమీ సంబంధం లేదు. నాకే కావాల."

ఇప్పుడు రాస్తుంటే ఆ జవాబులో లోపం కనబడుతోంది. అప్పుడు కనబడలేదు. భార్య పేరు కాపాడానన్న గర్వంతో రెండో ఇంటికి వెళ్ళాను. అక్కడ రాజమ్మ ఆంటీ.

"ఎన్ని కావాల్నప్పా?" అంది జాగ్రత్తగా.

"నీది ఒకటి చాలు ఆంటీ. మొత్తం ఇరవై మూడు మందివి తీసుకోవాల."

ఆంటీ లోపలికి వెళ్ళింది. జాకెట్టుతో వస్తుందనుకున్నాను. గడియ పెట్టిన చప్పుడు వచ్చింది. మూడో ఇంటికి చేరేలోపే వార్త నాకన్నా ముందు చేరింది. నేను తలుపు తట్టకముందే లోపలి నుంచి, "జాకెట్లు లేవు, పో!" అన్నారు. నాలుగో ఇంటి వాకిట్లో ఆరేసిన బట్టలను ఒక ముసలావిడ గబగబా లాగేసుకుంది. అయిదో ఇంటి దగ్గర ఎదురుగా మా మామ, చేతిలో గొడుగు.

కొట్టాడా అని కదా మీ ప్రశ్న? కొట్టలేదు. గొడుగు తెరిచి నా మొహానికి అడ్డం పెట్టి, ఎవరికీ కనబడకుండా ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. వాన లేదు. దారిపొడుగునా జనం ఆ గొడుగును చూసి, లోపల ఉన్నది నేనేనని గుర్తుపట్టారు.

ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. సెల్వి అక్క సమాజాన్నంతా వెంటబెట్టుకుని వచ్చింది.

"మెర్సీ, తంబికి ఒంట్లో బాగుందా? మా జాకెట్లు అడగతా ఉండాడే! ప్రార్థన పెట్టించాలా?"

మెర్సీ నా వైపు చూసింది. నేను గొడుగు వైపు చూశాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మెర్సీ ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. ఫోన్లు, తెల్ల గోడ, చెత్తబుట్ట, అన్నీ.

మెర్సీ తల వంచుకుని నిలబడింది. ఆ క్షణంలో నా పదకొండు పేజీల నోట్సునూ నమిలి మింగేద్దామనిపించింది.

"ఇంతేనా?" అంది సెల్వి అక్క. "పోతే పోనీవే! దసరా ముందర తీసిన కొలతలు అవి. అప్పటినుంచి నేను ఎంత లావైనానో చూడు. నీకు చెప్పడానికి సిగ్గేసి ఊరకుండాను."

"నేనూ అంతే పాపా!" అంది రాజమ్మ ఆంటీ. "చెయ్యి కొంచెం పొడుగు పెట్టమని చెప్పాలని నెల్లాళ్ళుగా అనుకుంటా ఉండా."

"నాకు మెడ దింపు తగ్గించాల."

"నాకు పెంచాల!"

ఒక్కసారిగా అందరూ టేపు ముందు వరస కట్టారు. నన్ను బయటికి నెట్టి తలుపు వేశారు. కొలతలు మగవాళ్ళు వినేవి కావట. నాకు కాఫీ పని అప్పగించారు. లోపల మెర్సీ నవ్వు వినబడింది, పొద్దున్నుంచీ మొదటిసారి. వీపు డిజైన్లంటారా, ఒప్పుకోలు కోసం మెర్సీ వాటిని ఎవరివి వాళ్ళకు వాట్సాప్‌లో పంపి ఉంది. కాబట్టి ఎవరి వీపు వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంది.

తలుపు తెరిచాక కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళాను. మెర్సీ ఒళ్ళో రెండొందల పేజీల నోటుబుక్కు. ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు కొలతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. చూడగానే నా కడుపు నిండింది. దాంతోపాటు ఒక గొప్ప ఆలోచన కూడా వచ్చింది.

"మెర్సీ, ఈ బుక్కు పోతే కష్టం. నేను ఒక్కో పేజీ ఫోటో తీసి..."

"వద్దు!"

ఇరవై మూడు గొంతులు, మెర్సీతో ఇరవై నాలుగు. గని మట్టి గుట్టగా పోసిన సైనైడ్ దిబ్బ మీద మేస్తున్న మేకలు తలెత్తి చూశాయని చెప్తారు. క్రిస్మస్ నాడు స్త్రీల సమాజం నెమలి కంఠం రంగులో నిలబడి పాడింది. ఒక్క జాకెట్టూ బిగుతు కాలేదు, ఒక్క శ్రుతీ తప్పలేదు. అయినా నాకు చెవుల్లో ఆ "వద్దు" ఒక్కటే వినబడింది. వాళ్ళు అంత కలిసికట్టుగా ఏ పాటా పాడలేదు.

కాబట్టి ఈ ప్రతిని చదివేవారందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరొకరి ఫోటోలను ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు మార్చను. హెచ్చరిక ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా కళ్ళజోడు పెట్టుకుని చదువుతాను. ఇంట్లో చెత్తబుట్ట తప్ప వేరే చెత్తబుట్ట ఖాళీ చేయను.

ఇక కృతజ్ఞతలు. పత్రిక పాతదని చెప్పిన నాగరత్న మేడమ్‌కు, చెప్పినా విననందుకు క్షమాపణలతో సహా. బిళ్ళల లెక్క నేర్పి, వాన లేకున్నా గొడుగు పట్టిన మా మామ దేవదానానికి. నా మతి కోసం ప్రార్థన పెట్టించబోయిన సెల్వి అక్కకు. గడియ పెట్టినా మళ్ళీ తలుపు తెరిచిన రాజమ్మ ఆంటీకి. చివరగా మెర్సీకి. ఆమె ఈ శుద్ధప్రతిని మొదటినుంచి చివరిదాకా చదివి, "అంతా సరిగ్గా రాసినావు గానీ, ఆ పొద్దు కాఫీలో చక్కెర వెయ్యడం మరిచిపోయినావే, అది రాయలేదే?" అంది.

రాశాను.