బక్కోడూ నేనూ నీలం బతుకమ్మ

మా చిన్నతనంలో బతుకమ్మ పేరుకు ఆడవాళ్ళ పండుగే గానీ, చాకిరీ అంతా మగపిల్లలది. పొద్దున్నే లేచి సంచులు పట్టుకుని సిద్దిపేట పొలిమేరల దాకా పోయి, చేల గట్ల మీద తంగేడు, గునుగు పూలు కోసుకురావాలి. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నా, ఎవరి చేనుకాపరో కట్టె పట్టుకుని తరిమినా కిక్కురుమనకూడదు. ఇంత చేసి తెస్తే, సాయంత్రం ఆట దగ్గరికి వెళ్ళగానే "మొగపోరగాండ్లకు గీడ ఏం పనిరా, పోన్రి!" అని అదిలించేవాళ్ళు. ఈ అన్యాయం గురించి నేనూ బక్కోడూ చాలాసార్లు మాట్లాడుకున్నాం. బక్కోడు పోయి ఇవాళ్టికి పదిహేను రోజులైంది. వాడి గురించి నలుగురూ నవ్వుకునేది ఏదైనా రాద్దామని కూర్చున్నాను. నవ్వు ఎంతదూరం వస్తుందో నాకే తెలియదు.

వాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. చేతులు గునుగు కాడల్లా ఉండేవి కాబట్టి గల్లీ అంతా బక్కోడనే పిలిచేది. వాళ్ళది దుబ్బాక నుంచి వచ్చి మా గల్లీలో కిరాయికి దిగిన నేతవాళ్ళ కుటుంబం. వాళ్ళ నాయిన నూలుకు రంగులు వేసేవాడు. ఇంటి వెనకాల వరసగా రంగు తొట్లు, దండేల మీద ఆరేసిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు. మా బాపు మేం చదివే బడిలోనే సారు. ఆ కారణంగా గల్లీలో నా మాటకు నా వయసుకు మించిన విలువ ఉండేది (నా తెలివితేటలకు మించిన విలువ అన్నా తప్పులేదు). ఎనిమిదో తరగతిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల్లో వాడు దిట్ట. నా లెక్కలు వాడు చేసేవాడు, వాడి వ్యాసాలు నేను రాసేవాణ్ణి. వ్యాసాల్లో వాడికి ఎప్పుడూ తక్కువ మార్కులే వచ్చేవి, అయినా ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు.

ఆ ఏడు పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మకు, గునుగుపూలకు రంగులు అద్దే పని మా ఇద్దరికీ అప్పజెప్పారు. గునుగు తెల్లగా ఉంటుంది కదా, దుకాణంలో దొరికే రంగు పొట్లం నీళ్ళలో కలిపి కట్టలు కట్టలుగా ముంచి ఆరబెడతారు. మేం తెచ్చిన నీలం పొట్లం సగం పూలకే అయిపోయింది. అప్పుడు నా చూపు బక్కోడి నాయిన తొట్టి మీద పడింది. ఆయన పని ముగించుకుని బజారుకు వెళ్ళాడు. తొట్టిలో పచ్చపచ్చగా, పలచగా రంగు నీళ్ళు మిగిలి ఉన్నాయి.

"గిండ్ల ముంచుదాంరా" అన్నాను.

"వద్దురా. గిది పల్చగ కనవడ్తది గని, గాలి తాకితే నీలం ముదురుతది. మా నాయిన ఏసిన రంగు సచ్చినా పోదు" అన్నాడు వాడు.

"పోకుంటే మంచిదే గద! మీ చీరెలకు పోవద్దు గని మా పూలకు పోవాల్నా?"

ఈ తర్కం విని బక్కోడు పూలకట్టలు చేతిలోకి తీసుకున్నాడు. ఎలా ముంచాలో వాడికి తెలుసు కాబట్టి వాడే ముంచాడు. నేను గట్టుమీద కూర్చుని "ఇంకింత, ఇంకింత" అంటూ పర్యవేక్షించాను (తర్వాత నాకు సర్కారు కొలువులో ఈ అనుభవం బాగా పనికొచ్చింది).

పూలు చూస్తుండగానే నెమలి కంఠం రంగుకు తిరిగాయి. గల్లీలో ఆడవాళ్ళంతా మురిసిపోయి తడి తడి పూలే పళ్ళెంలో పేర్చుకున్నారు. పేర్చడం పూర్తయ్యేసరికి పది ఇళ్ళవాళ్ళ అరచేతులు నీలం. అమ్మకు నుదుటి మీద నీలం. మా మేనత్తకు మాటిమాటికీ ముక్కు రుద్దుకునే అలవాటు, కాబట్టి ముక్కు మొత్తం నీలం. బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని కోమటిచెరువుకు బయలుదేరాక నాలుగు చినుకులు పడ్డాయి, ఆ నీళ్ళు మెడల మీదికి దిగాయి. నిమజ్జనం అయ్యాక ఒకరికొకరు పసుపు పూసుకోవడం ఆనవాయితీ. నీలం చేతులతో పసుపు పూసుకుంటే ఏమవుతుంది? అందరి చెంపలూ పచ్చి చింతకాయల్లా అయ్యాయి. కట్టమీద వేరే గల్లీలవాళ్ళు ఆట ఆపేసి మావాళ్ళను చూశారు. బూడిదతో తోమినా, గాసునూనెతో రుద్దినా రంగు పోలేదు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం తీసుకోన్రి" అంటుంటే, చెయ్యి చూసి "మీరు ఫలానా గల్లీవాళ్ళా?" అని ఊరంతా అడిగింది.

మా బాపు కోపం గురించి బడి పిల్లలందరికీ తెలుసు. ఆయన ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి, "ఎవడ్రా గీ పని జేసింది?" అన్నాడు. చుట్టూ గల్లీ జనం, వెనకాల బక్కోడి నాయిన.

"ముంచింది వాడే బాపూ. వాళ్ళ తొట్టిలనే" అన్నాను.

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. బక్కోడు నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. వాళ్ళ నాయిన అక్కడే రెండు పీకి, "రంగు మీద గంత పానముంటె బడెందుకు? రేపటిసంది తొట్టి కాడనే ఉండు" అన్నాడు. కోపంలో అన్న మాట, నాలుగు రోజుల్లో చల్లారుతుందనుకున్నాం. చల్లారలేదు. సెలవులయ్యాక బక్కోడు బడికి రాలేదు.

తర్వాత నేను చదివాను, ఉద్యోగం చేశాను. వాడు రంగులు వేశాడు, ఆ పని తగ్గాక మోటారు సైకిల్ మీద తువ్వాళ్ళు పెట్టుకుని ప్రజ్ఞాపూర్ దాకా తిరిగి అమ్మాడు. స్నేహం మాత్రం పోలేదు. ప్రతి దసరాకు జమ్మి పెట్టి అలయ్ బలయ్ అంటూ కావలించుకునేవాళ్ళం. ప్రతిసారీ, 'ఈసారి చెప్పేయాలి, తప్పు నాదని ఒప్పుకోవాలి' అనుకునేవాణ్ణి. వాడు నవ్వుతూ "బీపీ గోలి ఏస్కుంటున్నవా?" అని అడిగేసరికి మాట పక్కదారి పట్టేది. పదిహేను రోజుల కింద వాడి గుండె ఆగిపోయింది. గోళీ వేసుకుంటున్నావా అని నేను వాణ్ణి ఎన్నడూ అడగలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అవ్వ, వాణ్ణి కన్నతల్లి, ఒక్కతే గడప దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. పక్కన కూర్చుని, ఇంక ఆగలేక అనేశాను.

"అవ్వా, ఆ పూలు ముంచుమన్నది నేను. వాడు వద్దనే అన్నడు."

"నాకెర్కనే కొడుకా. గా పొద్దే చెప్పిండు" అంది, చేట మీంచి చూపు ఎత్తకుండా.

"మరి వాళ్ళ నాయినకు ఎందుకు చెప్పలే?"

"చెప్తనన్న. వాడే వద్దన్నడు. 'వాడే వస్తడే అవ్వా. వచ్చి బడికి పిలుస్తడు. సారు కొడుకు పిలుస్తె నాయిన కాదనడు' అన్నడు. బడి తెరిసినంక వారం దినాలు పొద్దుగాల్నే తానం జేసి, సంచి తగిలేసుకొని గిదే గడపల కూసున్నడు."

ఆ వారం రోజులూ నేను వాడి మొహం చూడలేక బజారు మీదుగా చుట్టు తిరిగి బడికి పోయాను. ఈ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

"నువ్వు రాకపోయేసరికి ఎనిమిదో దినం సంచి ఇప్పి లోపట వెట్టిండు" అంది అవ్వ. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంకో ఏడాదిలో రిటైరవబోయేవాణ్ణి, ఆలస్యంగా వచ్చినవాళ్ళను వరసగా నిలబెట్టి కారణం అడిగేవాణ్ణి, ఆ గడపలో ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. అవ్వ "గింత పెద్దగైనవ్, ఊకో. వాడు జూస్తె నవ్వుతడు" అంది. నవ్వేవాడే, నిజం. కొంగుతో నా మొహం తుడిచి, చేటలో సగం బియ్యం నా ముందుకు నెట్టి, "ఊకనే కూసోకు, గివి ఏరు" అంది. కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. అయినా ఏరాను. నేను తీసి పడేసిన వాటిలో రాళ్ళకన్నా బియ్యమే ఎక్కువని అవ్వ మళ్ళీ అన్నీ ఏరుకుంది.