బెండకాయల పాట

బోయిన్‌పల్లి మార్కెట్ బయట ఇప్పుడు బెండకాయ తోక విరిచి చూడనివ్వడం లేదు. "అన్నీ విరిస్తే మిగిలినవి ఎవరు కొంటరు సార్?" అంటుంది అమ్మే ఆమె. విరవకపోతే ముదురో లేతో ఎలా తెలుస్తుంది? ఇంటికొచ్చి పీచు నములుతూ తెలుసుకోవాలి. అయినా ఈ కూరగాయ గురించి మాట్లాడే అర్హత నాకు పెద్దగా లేదు లెండి. ఒకసారి దాన్ని అన్యాయంగా వాడుకున్నాను.

అప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ని. నా పక్క సీటు అమ్మాయి తిరుమలగిరిలో వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, దగ్గర ఉండేది. రెండేళ్లపాటు ఆమె టిఫిన్ డబ్బాలో సగం నేనే తిన్నాను. మనసులో మాట మాత్రం చెప్పలేదు. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు, వాళ్లది శుక్రవారం నమాజు ఇల్లు. ఈ కారణం నాకు బాగా పనికొచ్చింది. అసలు కారణం భయం.

నోటితో కానిది పాటతో కానిద్దామనుకున్నాను. తెలుగు పాట ఇస్తే వెంటనే అర్థమైపోతుంది. హిందీ అయితే మరీ ప్రమాదం. అందుకని నెట్ సెంటర్లో కూర్చుని ఒక టర్కీ పాట వెతికి, సీడీలో ఎక్కించి ఇచ్చాను. దూరమైపోయిన పిల్ల ఇంటి ముందు నుంచి రోజూ ఊరికే నడిచి వెళ్లేవాడి గోడు అది. అర్థం తెలుగులో రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను, అడిగితే ఇద్దామని.

అడిగింది. లంచ్‌లో, అందరి ముందూ.

"ఏందీ, నీ సీడీల పాటగాడు గంతగనం ఏడుస్తున్నడు? ఏమంటున్నడో జెర చెప్పు."

చెయ్యి జేబు దాకా వెళ్లింది. బల్ల చుట్టూ ఆరుగురు.

"ముదురు బెండకాయలు అంటగట్టాడని మార్కెట్టువాణ్ని తిడుతున్నాడు," అన్నాను.

అందరూ నవ్వారు. ఒకాయనకు పెరుగన్నం పొలమారింది. ఆమె డబ్బా మూత పెట్టేసింది. నా వాటా ఇంకా అందులోనే ఉంది. ఆ సాయంత్రంలోగా నేను అదే జోకు మరో రెండు సెక్షన్లలో చెప్పొచ్చాను. కాగితం చొక్కాతోపాటు ఉతుకులో పోయింది.

నాలుగు నెలలకు ఆమె తన పెళ్లికార్డు ఇస్తూ, సీడీ కూడా నా బల్ల మీద పెట్టింది.

"నువ్వు బెండకాయలన్న రోజే ఇంటికి పోయి మా దాదీకి వినిపించిన. అండ్ల హస్రత్ అని ఒక మాట ఉంది. మా ఉర్దూల సుత ఉంది. దొరకని మనిషి కోసం కొట్టుకులాడుడు. గా ఒక్క మాటకే కండ్లు తుడుచుకుంది. ఇచ్చినోడు ఎవడే అనడిగింది."

"ఏమని చెప్పావు?"

"జోకులేసేటోడని చెప్పిన. ఇన్ని నెలలు ఎదురుచూసిన."

నేను కార్డు విప్పాను. బంగారు అక్షరాలు చాలా బాగున్నాయన్నాను.

"నువ్వు పిరికోడివి," అంది.