నా త్యాగానికి మొద్దుబారిన పాదాలు

షుగర్ వచ్చిందని తెలిసిన రోజే మాంసం మానేశాను. ఆ తర్వాత దేవరకొండ చుట్టుపక్కల ఏ దావత్‌కు పోయినా, యాటకూర గిన్నె ముందు నిలబడి నా త్యాగం మీద ఉపన్యాసమిచ్చేవాణ్ణి. పదేళ్ళకు పాదాలు మొద్దుబారాయి. చెప్పొకటి బస్సులోనే ఊడిపోతే, తెలియక జడ్చర్ల బస్టాండంతా ఒంటిచెప్పుతో రాజులా తిరిగాను.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ నవ్వింది. "షుగర్ గోళీలు ఏండ్లకేండ్లు మింగితే ఒక్కోసారి బీ12 విటమిన్ ఒంటికి సరిగ పట్టది. అది తగ్గితే కాళ్ళు మొద్దుబారుతయి. అది ఉండేదే మాంసం, గుడ్లు, పాలల్ల. మీరేమో మాంసం బందువెట్టిన్రు."

"కాళ్ళకు సోయి మళ్లొస్తదా అమ్మా?"

"సూదులు తీసుకోండ్రి, చూద్దాం."

నెలల తరబడి పొడిపించుకున్నాను. ఓ పొద్దున పెరట్లో పల్లేరుకాయ పాదంలో దిగింది. కోస్గి దాకా వినబడేలా అరిచాను. పరుగెత్తుకొచ్చిన నా భార్య దాన్ని పీకబోయింది.

"నొప్పి లేస్తాందే! జరసేపు గట్లనే ఉండనీ!" అన్నాను.