కర్చీఫ్ వేసిన సీటు

కోడూరు దగ్గర రొయ్యల చెరువుల మధ్య రెండు రోజుల శిబిరం పెడుతున్నారనీ, జ్ఞాపకశక్తి, ప్రశాంతత, ఆనందం మూడూ అక్కడ నేర్పిస్తారనీ వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రకటనని మా ఆవిడ రాజ్యలక్ష్మి నాకు పంపించింది. పక్కగదిలోంచే పంపించింది. అప్పటికి ఆవిడ నాతో మాట్లాడటం మానేసి పదకొండు రోజులు.

ఎందుకు మానేసిందో చెప్పకపోతే ఈ ప్రయాణం ఎవరికీ అర్థం కాదు. చెబితే నా పరువు పోతుంది. గుడివాడలో అదెలాగూ పోయింది కాబట్టి చెప్పేస్తాను.

బందరులో ఒక పెళ్ళి చూసుకుని ఇద్దరం వెనక్కి వస్తున్నాం. బస్టాండులోకి గుడివాడ బస్సు వచ్చింది. రాజ్యలక్ష్మి తన హ్యాండ్‌బ్యాగు నా చేతికిచ్చి, "ఒక్క నిమిషమండీ" అని బాత్‌రూముల వైపు వెళ్ళింది. ఆడవాళ్ళకి టికెట్ ఎత్తేసినప్పటినుంచి మా వైపు బస్సులో సీటు సంపాదించడం పెద్ద యుద్ధమే. అయినా నేను జనాన్ని తోసుకుని ఎక్కాను, కిటికీ పక్కన కూర్చున్నాను, పక్క సీటు మీద కర్చీఫ్ పరిచాను. కర్చీఫ్ వేసిన సీటు జోలికి రాకపోవడం మా ప్రాంతంలో చట్టం కన్నా గట్టిది. ఎవరైనా అడిగితే "మనిషి ఉన్నారండీ" అంటే చాలు.

ఒకాయన అడిగాడు. మనిషి ఉన్నారండీ అన్నాను. బస్సు కదిలింది. పెడనలో ఇద్దరు అడిగారు, ఉన్నారండీ అన్నాను. గుడ్లవల్లేరులో చంటిపిల్లతో ఎక్కినావిడ అడిగితే కాస్త విసుగ్గానే అన్నాను. నా ఒళ్ళో బ్యాగులో రాజ్యలక్ష్మి ఫోను నాలుగుసార్లు మోగింది. ఆవిడ ఫోను ఆవిడే తీసుకుంటుందిలే అని ఊరుకున్నాను. గుడివాడలో బస్సు ఆగాక "ఇక దిగు" అని పక్కకి తిరిగితే అక్కడ కర్చీఫ్ ఒక్కటే ఉంది.

ఫోను అయిదోసారి మోగింది. ఎవరిదో నంబరు. తీశాను.

"ఎక్కడున్నావ్?" అన్నాను.

"మీరు వదిలిన చోటే," అంది రాజ్యలక్ష్మి.

చేతిలో డబ్బూ కార్డూ లేకపోయినా, ఆ తర్వాతి బస్సు కండక్టరు పుణ్యమా అని ఇంటికి చేరింది. చేరాక నోరు కట్టేసింది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ మా పెద్దన్నయ్య అరవై నాలుగో ఏట కూరగాయలకని బయల్దేరి తన వీధి తను గుర్తుపట్టలేక నిలబడిపోయాడు. తర్వాత ఒక్కొక్కటీ పోయి, చివరికి మా వదిన పేరు కూడా పోయింది. నాకిప్పుడు అరవై మూడు. రాజ్యలక్ష్మి ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి మాత్రం మౌనం విడిచి, కంచం ముందు పెడుతూ ఇలా అంది: "జబ్బయితే చెప్పండి, కంటికి రెప్పలా చూసుకుంటాను. జబ్బు కాకపోతే మాత్రం నన్ను మాట్లాడమనకండి."

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం. నిజం చెప్పేస్తాడు. శిబిరంలో ఆ ప్రమాదం లేదు. పైగా అక్కడ జ్ఞాపకశక్తికి పరీక్ష పెడతారని ప్రకటనలో రాసి ఉంది. అందులో చక్కగా తప్పితే, కాగితం మీద జబ్బు రుజువై, మా ఇంట్లో మళ్ళీ మాటలు మొదలవుతాయి. జ్ఞాపకశక్తి లేదని నిరూపించుకోవడానికి జ్ఞాపకశక్తి శిబిరానికి డబ్బు కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. తోడు వచ్చినవాళ్ళకి సగం ఫీజే అన్నారు. రాజ్యలక్ష్మి కూడా పేరిచ్చింది.

శనివారం ఉదయం ఆరుంబావుకి గుడివాడలో బస్సెక్కాం. రాజ్యలక్ష్మి నాకన్నా ముందెక్కి కిటికీ పక్కన కూర్చుని, హ్యాండ్‌బ్యాగు పట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. నాకు యాభై రూపాయల టికెట్టు, ఆవిడకి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. ఏడున్నరకి బందరు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. అల్లప్పచ్చడి బాగుంది, ఇడ్లీ మాత్రం నిన్నటి సంగతులు మర్చిపోనట్టుంది.

ఎనిమిదింటికి అవనిగడ్డ బస్సు. చల్లపల్లి దాటాక కోసిన వరిచేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. నా పక్కన కూర్చున్నాయన పేరు రాఘవులు. ముదినేపల్లిలో చేపల చెరువులు చేస్తాడు. ఆయనా మా శిబిరానికే.

"నాకు జ్ఞాపకశక్తికేం లోటు లేదండీ, బోలెడుంది. నిద్రే లేదు. ప్రశాంతత కోసం వస్తున్నా," అన్నాడు.

"ఎప్పటినుంచి నిద్రపట్టడం లేదు?"

"పడుతుందండీ. చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ తిరుగుతున్నంతసేపూ హాయిగా పడతది. అది ఆగిందంటే లేచి కూర్చుంటా. కరెంటు పోతే చేప చచ్చిపోద్ది కదండీ."

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. తొమ్మిదిన్నరకి అవనిగడ్డలో దిగి, ముగ్గురం షేర్ ఆటోలో పదింబావుకి కోడూరు అవతల శిబిరానికి చేరాం. నాలుగు రేకుల గదులు, ఒక పెద్ద హాలు, చుట్టూ కనుచూపు మేర రొయ్యల చెరువులు. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని అట్టపెట్టెలో పడేశారు. మెడలో పేరున్న కార్డులు వేశారు. ఎవరి పేరు వాళ్ళు మర్చిపోతారేమోనని కాబోలు.

నేర్పించే ఆయన్ని గురువుగారు అనకూడదట, కోచ్ అనాలట. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. రొయ్యల చెరువుల మధ్య తెల్లబూట్లు వేసుకున్నాడంటే ధైర్యవంతుడే. "మీ మెదడు ఒక సూపర్ కంప్యూటర్" అని మొదలుపెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు, పుస్తకం చూడకుండా గంట మాట్లాడే మనిషి మీద గౌరవం. ఈయన గంట మాట్లాడాడు కానీ పుస్తకం ఉంటే బాగుండేది.

పదకొండున్నరకి ప్రశాంతత. అందరం కళ్ళు మూసుకున్నాం. "నిశ్శబ్దాన్ని వినండి," అన్నాడు కోచ్. మేం విన్నది పక్క చెరువులో ఏరియేటర్ల గోల. ఆయన గొంతు పెంచాడు. ఏరియేటర్లు పెంచలేదు కానీ తగ్గించనూ లేదు. కాసేపటికి ఆయనే లేచి గట్టుమీదికి వెళ్ళి, ఒక్క అరగంట ఆపమని ఆ చెరువు రైతుని అడిగాడు. రైతు జవాబు హాల్లోకి స్పష్టంగా వినపడింది.

"ఆపితే రొయ్య చస్తది సార్. మీరొచ్చి నోటితో ఊదుతారా?"

కోచ్ ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చి ప్రశాంతత గురించి ఇంకో ముప్పావుగంట చెప్పాడు. ఈలోగా రాఘవులు కుర్చీలోనే గురకపెట్టి నిద్రపోయాడు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి కదా మరి. శిబిరం మొత్తం మీద కట్టిన డబ్బుకి సరిపడా సరుకు ముట్టింది ఆయనకొక్కడికే.

ఒంటిగంటకి భోజనం. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. రొయ్యలు పెట్టలేదు, మెదడుకి అదే మంచిదట. సాయంత్రం ఆనందం: చేతులు పైకెత్తి గట్టిగా నవ్వాలి. తర్వాత ఆ రోజు ఆనందం కలిగించిన మూడు విషయాలు రాసి చదవాలి. రాజ్యలక్ష్మి లేచి చదివింది: "కిటికీ సీటు. కిటికీ సీటు. కిటికీ సీటు." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను. రాత్రి మాత్రం దోమలు. వెళ్ళదలచుకున్నవాళ్ళు దోమలబత్తీ పట్టుకెళ్ళండి. ప్రశాంతతకి అక్కడ అది తప్ప వేరే సాధనం లేదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నేను ఎదురుచూస్తున్న పరీక్ష వచ్చింది. కోచ్ ఇరవై మాటలు చదువుతాడు. ఒక్కో మాటనీ మనకి తెలిసిన చోట ఒక్కోచోట పెట్టుకోవాలి. వంటిల్లో, పడకగదో, మీ ఇష్టం. అరగంట తర్వాత వరసగా అప్పజెప్పాలి. నేను ఆరేడు చెప్పి, తలపట్టుకుని, జాలిగా కూర్చుందామని నిర్ణయించుకున్నాను.

కానీ ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేత అప్పజెప్పించుకున్న నోరు ఇది. పరీక్ష అనగానే ఒంట్లో ఏదో పూనింది. గొడుగు, కొబ్బరికాయ, తాళం, ఒంటె... మాట పడటం ఆలస్యం, దానికో చోటు దొరికింది. నా వంతు రాగానే లేచి ఇరవైకి ఇరవై వరసలో చెప్పేశాను. ఊరుకున్నానా, కింది నుంచి పైకి కూడా చెప్పాను. హాలు హోరెత్తింది. కోచ్ పరుగున వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"మాస్టారూ, అద్భుతం! ఏ ఇంట్లో పెట్టుకున్నారు మాటల్ని?"

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు. మెచ్చుకుంటే నాకు ఒళ్ళు తెలియదు.

"ఇంట్లో కాదండీ, బస్సులో. ఒక్కో మాటకి ఒక్కో సీటు ఆపాను. ప్రతి సీటు మీదా కర్చీఫ్ వేశాను. కర్చీఫ్ వేశాక ఇక ఎవరొచ్చి అడిగినా కదిలేది లేదు."

అందరూ నవ్వారు. నేను వెనక వరస వైపు చూశాను. రాజ్యలక్ష్మి నవ్వలేదు. ఆవిడ చూపు చూశాకగానీ నేనేం చెప్పానో నాకు తెలియలేదు. ఎవరో ఊరూపేరూ లేని ఒంటెకి బస్సులో సీటు ఆపి గమ్యం చేర్చాను. ఆవిడ్ని బస్టాండులో వదిలేశాను. ఇక జబ్బు అని చెప్పుకోవడానికి దారి లేదు. రాజ్యలక్ష్మికి ఇరవైలో తొమ్మిది వచ్చాయి. "మేడమ్, మీరు ఇంకాస్త ఫోకస్ పెంచుకోవాలి," అని కోచ్ ఆవిడకే సలహా ఇచ్చాడు.

నాకు ప్రథమ బహుమతి కింద బంగారురంగు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చారు. 'అసాధారణ జ్ఞాపకశక్తి' అని రాసి ఉంది. కోర్టులో శిక్ష వేసినా అంత పెద్ద అక్షరాలతో రాయరు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి భోంచేసి, అట్టపెట్టెలోంచి ఫోన్లు ఏరుకుని బయల్దేరాం. రాఘవులు బంధువుల ఇంటికని కోడూరులో దిగిపోయాడు. ఆటోలో అవనిగడ్డ, అక్కడినుంచి బస్సు. మోపిదేవి దగ్గర రాజ్యలక్ష్మి సర్టిఫికెట్ అడిగి తీసుకుని, పూర్తిగా చదివి, తిరిగిచ్చింది. "జబ్బు కాదన్నమాట," అంది. ఆ తర్వాత బందరు దాకా కిటికీలోంచి బయటికే చూసింది. క్షమించమని అడగాలని నాకు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. మూడుసార్లూ వేరే మాట అడ్డుపెట్టి, మినుము పంట బాగుందని చెప్పాను.

మూడున్నరకి బందరు బస్టాండు. గుడివాడ బస్సు సిద్ధంగా ఉంది. అన్ని రోజుల తర్వాత రాజ్యలక్ష్మి తనంతట తను నాతో మామూలు గొంతుతో మాట్లాడింది.

"నేను సీటు ఆపుతాను. మీరు వెళ్ళి మంచినీళ్ళ సీసా, లడ్డూలు తీసుకురండి. ఆ కర్చీఫ్ ఇలా ఇవ్వండి."

నా ప్రాణం లేచొచ్చింది. ఇచ్చాను. నీళ్ళు కొన్నాను, ఆవిడకిష్టమని బందరు లడ్డూ అరకిలో కట్టించాను. వెనక్కి వచ్చేసరికి బస్సు గేటు దగ్గర మలుపు తిరుగుతోంది. పరిగెత్తాను. కిటికీలో రాజ్యలక్ష్మి కనపడింది. నన్ను చూడలేదేమోనని చెయ్యి ఊపాను. చూస్తూనే ఉంది. కండక్టర్ని పిలవలేదు, కంగారు పడలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఫోను చేశాను. నాలుగుసార్లు మోగింది, తియ్యలేదు.

ప్లాట్‌ఫారం మీద బెంచీ దుమ్ము కొట్టుకుని ఉంది. సర్టిఫికెట్ పరుచుకుని దానిమీద కూర్చున్నాను. పక్కన అరటిపళ్ళ బుట్ట పెట్టుకున్న ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"బాబుగారూ, ఇందాక మీతో వచ్చినమ్మ మీ ఇంటావిడేనా?"

"అవునమ్మా. నీకు తెలుసా?"

"తెలవకపోవడమేంటండీ. మొన్న ఇక్కడే, ఇదే బెంచీ మీద గంటపైన కూకుంది. నా ఫోనుతోనే చేసింది. మొగుడు వదిలేసిపోయాడా ఏంటమ్మా అని అడగనోడు లేడు. మా ఆయన నీళ్ళకెళ్ళారండీ, వచ్చేస్తన్నారండీ అని అందరికీ అదే చెప్పింది. గంట సేపూ నీళ్ళకే ఎల్లారంటండీ."

ఆ రోజు నేను బస్సులో ఖాళీ సీటుని చూపించి మనిషి ఉన్నారని నలుగురికి చెప్పాను. అదే సమయంలో ఆవిడ ఇక్కడ ఖాళీ బెంచీ మీద కూర్చుని, మనిషి వస్తారని నలుగురికి చెప్పింది. నేను చెప్పింది సీటు కోసం. ఆవిడ చెప్పింది నా పరువు కోసం. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా, ఆ గంటలో నువ్వేం చేశావని ఆవిడ్ని అడగలేదు నేను. అడగనిది గుర్తుపెట్టుకోవడానికి ఏ కోచ్ దగ్గరా ఉపాయం లేదు.

నాలుగుంబావుకి తర్వాతి బస్సు వచ్చింది. సర్టిఫికెట్ బెంచీ మీదే వదిలేశాను. ముసలావిడ దాన్ని బుట్టలో పళ్ళ కింద వేసుకుంది. సీటు దొరకలేదు. ఒక కర్చీఫ్ దగ్గర ఆగి "ఇక్కడెవరన్నా ఉన్నారాండీ?" అని అడిగితే, "మనిషి ఉన్నారండీ" అన్నారు. గుడివాడ దాకా నిలబడే వచ్చాను.

అయిదున్నర దాటాక గుడివాడలో దిగాను. రాజ్యలక్ష్మి ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది.

"ఎంతసేపు కూర్చున్నారు?"

"అరగంట పైనే."

"నేను గంటా ఇరవై నిమిషాలు," అంది.

"తెలుసు. అరటిపళ్ళావిడ చెప్పింది. అందరికీ నువ్వేం చెప్పావో కూడా చెప్పింది. క్షమించు రాజ్యం."

ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన నా కర్చీఫ్ తీసి నా చేతిలో పెట్టింది.

"దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు," అంది. "మీ సీటు ఎవరికీ ఇవ్వలేదు."